పొరలో ఎవరి సీటు ఎక్కడ?

నేను జాబ్ చేసే రోజుల్లో రోజూ వినే మాట: "నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది కదా!" తీరా సర్వర్ మీద పెడితే కథ వేరే. ఆకుల్లోని ప్రోటీన్లతో సైంటిస్టులకీ ఇలాంటి చిక్కే వచ్చింది.

కిరణజన్య సంయోగక్రియలో వెలుగును పట్టే పని క్లోరోప్లాస్ట్‌లోని థైలకాయిడ్ పొరల్లో జరుగుతుంది. అక్కడ నాలుగు పెద్ద ప్రోటీన్ యంత్రాలుంటాయి: ఫొటోసిస్టమ్-2, సైటోక్రోమ్ బి6ఎఫ్, ఫొటోసిస్టమ్-1, ఏటీపీ సింథేస్. వీటి ఆకారం తెలియాలంటే కణాన్ని పగలగొట్టి, డిటర్జెంట్‌తో పొర నుంచి విడదీసేవాళ్లు. ఆకారం దొరికేది. కానీ పక్కన ఎవరున్నారో ఆ సమాచారం పోయేది.

మరి కణంలోనే చూస్తే? కణాన్ని ఒక్కసారిగా గడ్డకట్టిస్తారు, లోపలి నీళ్లు మంచు స్ఫటికాలుగా మారేంత టైమ్ కూడా ఇవ్వరు. తర్వాత అయాన్ కిరణాలతో పలుచగా చెక్కి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో రకరకాల కోణాల్లో ఫొటోలు తీసి 3డి బొమ్మ కడతారు. దీని పేరు క్రయో టోమోగ్రఫీ.

2020లో క్లామిడోమోనాస్ అనే ఆల్గేలో ఇలా చూశారు. గీత గీసినట్టుంది! దొంతరలుగా అతుక్కున్న పొరల్లో ఫొటోసిస్టమ్-2. తెరిచి ఉన్న పొరల్లో ఫొటోసిస్టమ్-1, ఏటీపీ సింథేస్. బి6ఎఫ్ మాత్రం రెండు చోట్లా ఉంది.

ఎందుకిలా? ఏటీపీ సింథేస్ తల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దొంతర మధ్య సందు కొన్ని నానోమీటర్లే, అందులో పట్టదు. పైగా రెండు ఫొటోసిస్టమ్‌లూ ఆనుకుని ఉంటే, రెండోది పట్టిన వెలుగును ఒకటోది లాగేసుకుంటుంది.

పంటల్లో ఈ క్రియను మెరుగుపరచాలంటే ఒక్క ప్రోటీన్‌ని మారిస్తే చాలదు. దాని సీటూ తెలియాలి.