నేలకు మూడేళ్ల గడువు చాలదు

సేంద్రియ సాగు మేలా కాదా అన్న వాదన ఏటా నడుస్తూనే ఉంది, తెగడం లేదు. వాదించేవారికి పట్టుదల తక్కువై కాదు, ఒకే పొలాన్ని ఏళ్ల తరబడి గమనించిన లెక్కలు తక్కువై. ఎమ్మెస్సీ విద్యార్థికి పొలంలో దొరికేవి ఒకటి రెండు పంటకాలాలు, ప్రాజెక్టుకు మహా అయితే మూడు నాలుగేళ్లు. సేంద్రియ కర్బనం అంత తొందరగా కదలదు. 0.4 శాతం 0.5 అయితే అది నిజంగా పెరిగిందో, నమూనా తీసిన చోటు మారి అలా కనబడిందో ఆ గడువులో తేలదు.

స్విట్జర్లాండులో బాసెల్ దగ్గరి తెర్విల్‌లో 1978లో సేంద్రియ, మామూలు పద్ధతులను పక్కపక్క మళ్లలో మొదలుపెట్టారు. 21 ఏళ్ల ఫలితాలు 2002లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. సేంద్రియ మళ్లలో దిగుబడి సగటున 20 శాతం తక్కువ. ఈ అంకెను దాచి సేంద్రియ సాగును సమర్థించేవారు దానికి చేటే చేస్తున్నారు. ఎరువులు, ఇంధనం 34 నుంచి 53 శాతం, పురుగుమందులు 97 శాతం తగ్గాయి. వానపాముల బరువు కొన్ని మళ్లలో మూడింతలు దాటింది. గోధుమలో లోటు పదో వంతే, బంగాళాదుంపలో మూడో వంతుకు మించింది. మరి మన వరికి, కందికి, వేరుశెనగకు ఎంత? ఆ జవాబు స్విట్జర్లాండు నుంచి అరువు రాదు.

రసాయన ఎరువులు మానితే సరిపడా పశువుల ఎరువు ఎక్కడుందని అడుగుతారు. వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని కావాలంటే, అర శాతం నత్రజని ఉన్న ఎరువు 24 టన్నులు తోలాలి. ఊళ్లో అంత లేదు, నిజమే. అందుకే జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నడం, పప్పుధాన్యాలతో పంట మార్పిడి. అవి ఏ నేలలో ఎంత నత్రజని ఇస్తాయో కొలిచి చెప్పాల్సింది మనమే. శ్రీలంకను చూడమనేవారూ ఉన్నారు. 2021లో అక్కడ రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. నేలను సిద్ధం చేయకుండా ఎరువు ఆపితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. పదేళ్లు సిద్ధం చేసి ఆపితే ఏమవుతుందో తెలియలేదు.

ఇక చదువులో నేర్పే భూసార పరీక్ష సంగతి. భూసార పరీక్షకు వచ్చిన మట్టిని నీడలో ఆరబెట్టి, నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పోషకాలు తెలియడానికి అది సరైన పద్ధతే; కానీ గుల్లతనం, వేళ్లు, వానపాములు ఆ జల్లెడ దగ్గరే పోతాయి. 2015లో వచ్చిన భూసార కార్డులోని 12 అంశాల్లో నేలలోని జీవాన్ని నేరుగా కొలిచేది ఒక్కటీ లేదు. ఆరిన మట్టిగడ్డను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. సేంద్రియ పదార్థం బాగా ఉన్న గడ్డ నిలుస్తుంది, లేనిది విడిపోయి అడుగున బురదవుతుంది. దీనికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు శిక్షణ కోసం ఎలాగూ కొంతకాలం పల్లెల్లో ఉంటారు. ఏటా కొత్త నివేదిక, పాతది బీరువాలోకి. ప్రతి కళాశాలా కొన్ని పొలాలను ఎంచుకుని, అవే పొలాలను బ్యాచి తర్వాత బ్యాచికి అప్పగించాలని నా ప్రతిపాదన. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న ప్రకృతి సాగు పొలాలున్నాయి, యూరియా వేసే పొలాలూ ఉన్నాయి. తవ్వే లోతు, నెల మార్చకుండా కర్బనం, వానపాములు, దిగుబడి, కూలి ఖర్చు రాయాలి. రైతు మధ్యలో పద్ధతి మారిస్తే ప్రయోగం చెడుతుందంటారు. నియమబద్ధమైన పోలికకు పరిశోధన స్థానం మళ్లు ఉండనే ఉన్నాయి. ఇక్కడ రైతు ఎందుకు మార్చాడన్నదీ రాసుకోవాల్సిన సమాచారమే. సేంద్రియ పద్ధతిని వదిలేసిన రైతు పొలాన్ని మాత్రం జాబితా నుంచి తీసేయకూడదు.