డీజిల్ ట్యాంకులో బూజు: మందు డబ్బా తెరిచే ముందు నీళ్ళు తీయండి

ఈ ఎపిసోడ్ బోట్ల వాళ్ళ కోసం. మీ నాన్నగారి బోటైనా, మీరు కలాసీగా వెళ్ళే బోటైనా, పది నిమిషాలు చూడండి.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది కదా. బోట్లు సముద్రంలోకి వెళ్ళిన మొదటి వారంలో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. హార్బర్ దాటేదాకా బాగానే ఉంది. బయట అలల్లో పడ్డాక రేస్ తగ్గిపోయి ఆగిపోయింది. ఫిల్టర్ మారిస్తే గంట నడిచి మళ్ళీ ఆగింది." వెంటనే అందరి చూపూ డీజిల్ పంపు మీద పడుతుంది. విప్పి కాలిబ్రేషన్‌కి పంపిస్తారు. చాలాసార్లు పంపు తప్పేమీ ఉండదు. తప్పు ట్యాంకు అడుగున ఉంటుంది. హార్బర్‌లో బోటు కదలదు కాబట్టి అది అడుగునే పడి ఉంటుంది. బయట అలలకి ట్యాంకు మొత్తం కలిసిపోయి, ఆ చెత్తంతా పైపులోకి వస్తుంది.

ఈ గాజు సీసా చూడండి. ట్యాంకు అడుగు నుంచి తీసిన శాంపిల్ ఇది, గంటసేపు కదపకుండా ఉంచాను. పైన డీజిల్, కింద రెండు వేళ్ళ మందం నీళ్ళు. మధ్యలో, పాల మీద తొరక కట్టినట్టు నల్లగా ఒక పొర ఉంది చూశారా? స్పూన్‌తో లేపితే బురదలా విడిపోదు. నానిన గుడ్డపేలికలా సాగుతూ వస్తుంది. ఫిల్టర్‌కి అడ్డం పడేది ఇదే.

మనవాళ్ళు దీన్ని నాచు అంటారు. నాచు కాదండీ. నాచు బతకాలంటే వెలుతురు కావాలి, ట్యాంకులో అంతా చీకటే. ఇవి బాక్టీరియా, ఈస్ట్, బూజు. వీటిలో హార్మోకోనిస్ రెసినే అనే బూజుకి కిరోసిన్ ఫంగస్ అనే పేరు కూడా ఉంది. విమానాల ట్యాంకుల్లో కూడా దీని గోల ఎప్పటినుంచో ఉంది. అంటే ఇది మన హార్బర్‌లో పుట్టిన రోగం కాదు. కాకపోతే మన తీరంలో వేడి, తేమ రెండూ ఏడాదిలో ఎక్కువ రోజులు దానికి నచ్చినట్టే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ జీవులకి తిండి డీజిల్, కానీ ఇల్లు మాత్రం నీళ్ళు. నీళ్ళు లేని డీజిల్‌లో అవి పెరగలేవు. నీళ్ళూ డీజిలూ కలిసే ఆ గీత దగ్గరే కాపురం. అక్కడ కూర్చుని పైనున్న డీజిల్‌ని తింటూ, కిందున్న నీళ్ళలో యాసిడ్లు వదులుతాయి. కొన్ని రకాల బాక్టీరియా అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తాయి, అదే కుళ్ళిన గుడ్డు వాసన. ఆ నీళ్ళు నిలిచిన చోటే ఇనుప ట్యాంకు గుంటలు గుంటలుగా తినేసి, చివరికి కారుతుంది. ట్యాంకు అడుగు మాత్రమే ఎందుకు పోతుందని చాలామంది అడుగుతుంటారు, అందుకే.

మరి నీళ్ళు ఎలా వస్తున్నాయి? బంకు వాడు కలిపాడనే మాట మొదట వస్తుంది. ఉండొచ్చు, కానీ నేనైతే ముందు డెక్ మీద డీజిల్ పోసే మూత వాషర్ చూస్తాను. ఎండకి గట్టిపడి పగిలిన వాషర్, దాని మీద అల నీళ్ళు, వాన నీళ్ళు. రెండోది ఎయిర్ వెంట్. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకు పగలు వేడెక్కి గాలి వదులుతుంది, రాత్రి చల్లబడి తేమ గాలి పీల్చుకుంటుంది. ఆ తేమ గోడలకి చెమటలా పట్టి కిందికి దిగుతుంది. డీజిల్ కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుగుకే చేరతాయి. రోజూ కొంచెం కొంచెం. రెండు నెలలు ఎవరూ డ్రెయిన్ కాక్ ముట్టుకోరు.

నిషేధానికి ముందు ట్యాంకు నిండా కొట్టించి పెట్టమని పుస్తకాల్లో రాస్తారు. గాలికి చోటు లేకపోతే తేమకీ చోటు లేదు, సలహా కరెక్టే. కానీ లీటరు ₹90 పైనే ఉన్నప్పుడు 3000 లీటర్ల ట్యాంకు నింపాలంటే రెండున్నర లక్షల పైమాట. రెండు నెలలు రాబడి లేని ఇంట్లో ఆ డబ్బు ట్యాంకులో పోసి కూర్చోమని నేను చెప్పలేను. అందుకే నా సలహా వేరు. నింపలేకపోతే పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి, మూత బిగించి పెట్టండి. సగం సగం మాత్రం వద్దు.

సరే, ఇప్పటికే బూజు పట్టింది, ఏం చేయాలి? షాపుకెళ్ళి "డీజిల్‌లో పోసే మందు" అని అడిగితే ఏదో ఒక సీసా చేతిలో పెడతారు. లేబుల్ చదవండి. నాజిల్ క్లీనర్, మైలేజీ పెంచే మందు, ఇవేవీ బూజుని చంపవు. బయోసైడ్ అని ఉండాలి. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ అయితే అసలు పోయొద్దు. బూజు సంగతేమో గానీ, బ్లీచింగ్ మీ ట్యాంకుని తినేస్తుంది.

అసలైన బయోసైడ్ దొరికినా, ముందు నీళ్ళు తీయాలి. మామూలుగా బయోసైడ్ డీజిల్‌లోంచి నీళ్ళలోకి దిగి పనిచేస్తుంది. అడుగున రెండు బకెట్ల నీళ్ళుంటే మందంతా అందులో పలచబడిపోతుంది. బూజు సగం చచ్చి, సగం బతికి, మళ్ళీ పెరుగుతుంది. బోటు ఒక రోజు కదలకుండా ఉన్నాక డ్రెయిన్ కాక్ తిప్పండి. కాక్ లేకపోతే చేతిపంపుకి పైపు తగిలించి అడుగు నుంచి లాగండి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా లాగాలి. ఇంకా నీళ్ళున్నాయా అని అనుమానమా? బంకుల్లో డిప్ రాడ్‌కి రాసే వాటర్ పేస్ట్ ఉంటుంది, నీళ్ళు తగిలిన మేర రంగు మారుతుంది. చిన్న ట్యూబ్, చాలా రోజులు వస్తుంది. తీసిన నీళ్ళు హార్బర్‌లో పారబోయకండి, డబ్బాలో పట్టి వేస్ట్ ఆయిల్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

పొర మందంగా ఉంటే ట్యాంకు కడగాల్సిందే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. సన్నగా ఉన్నాడు కదా అని కుర్రాణ్ణి మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి దింపొద్దు. ఇందాక చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు. మనిషి పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. బయట నుంచే కర్రకి గుడ్డ కట్టి తుడవండి. కుదరకపోతే ట్యాంకు దింపి, గ్యాస్ చెక్ చేసే పరికరం ఉన్నవాళ్ళకి అప్పగించండి.

తర్వాత మందు. కొలత దగ్గర ఒక నిజమైన కథ చెప్తాను. 2020 ఫిబ్రవరి 26న లండన్ గాట్విక్ నుంచి లేచిన ఒక ఎయిర్‌బస్ ఏ321 విమానానికి రెండు ఇంజన్లూ ఇబ్బంది పెట్టాయి. అంతకుముందు మెయింటెనెన్స్‌లో దాని ట్యాంకుల్లో ఈ బూజు మందే పోశారు, కాకపోతే ఉండాల్సినదానికి 38 రెట్లు. పీపీఎం లెక్క తెలియకపోవడం వల్ల జరిగిన పొరపాటు. లోపల సిబ్బంది మాత్రమే ఉన్నారు, క్షేమంగా దిగింది. లెక్క సులువే అండీ. 100 పీపీఎం అంటే 1000 లీటర్ల డీజిల్‌కి 100 మిల్లీలీటర్లు. 3000 లీటర్లకి 300. అదే 38 రెట్లు అయితే 11 లీటర్లు దాటుతుంది! మీ డబ్బా మీద ఎంత రాసుంటే అంతే, ఒక్కో మందుకి ఒక్కో కొలత. ట్యాంకు సైజుని బట్టి కాదు, లోపలున్న డీజిల్‌ని బట్టి పోయాలి. సగం మందు ముందు పోసి, డీజిల్ కొట్టించి, మిగతాది తర్వాత పోస్తే బాగా కలుస్తుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి, చర్మం మీద పడితే మండుతుంది.

మందు పోయగానే వేటకి వెళ్ళిపోవద్దు. లేబుల్ మీద రాసిన గంటలు ఆగండి. చచ్చిన బూజు మాయమైపోదు, ముక్కలై రాలుతుంది. బతికున్నప్పటి కంటే చచ్చాకే ఫిల్టర్‌కి ఎక్కువ అడ్డం పడుతుంది. అందుకే ఆగిన తర్వాత ఇంకోసారి డ్రెయిన్ చేసి, ఫిల్టర్లన్నీ కొత్తవి వేసి, ఎయిర్ తీసి, హార్బర్‌లోనే రెండు గంటలు ఇంజన్ నడపండి.

మొదటి ట్రిప్‌కి కనీసం నాలుగు ఫిల్టర్లు అదనంగా పెట్టుకోండి, దగ్గర్లోనే వేయండి వల. వాటర్ సెపరేటర్ గిన్నె కింద ప్లగ్ నాలుగు గంటలకోసారి వదిలి, ఏం వస్తుందో ఫోన్‌లో ఫోటో తీసి టైం చూసుకోండి. ఒకదాని తర్వాత ఒకటి తేటగా వస్తుంటే ట్యాంకు దారిలో పడినట్టే. నాలుగో ఫిల్టర్ కూడా నల్లగా జిగురుగా వస్తే మాత్రం వెనక్కి తిప్పేయండి. ఇంకో డబ్బా మందు కొనొద్దు, ఆ డబ్బుతో ట్యాంకు విప్పించండి.