మాది తెనాలి, మరి ఫారమ్‌లో ‘ఏయూ లోకల్’ అని ఎందుకు? డిగ్రీ, బీటెక్ సీట్ల వెనక అసలు రూల్స్

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కామెంట్స్‌లో ఒకటే ప్రశ్న. “అన్నా, మాది తెనాలి. మా యూనివర్సిటీ నాగార్జున. మరి లోకల్ ఏరియా దగ్గర ఏయూ అని ఎందుకు వస్తోంది? ఏయూ అంటే వైజాగ్ కదా? నేనేమైనా తప్పు నొక్కానా?” బాపట్ల నుంచి, రేపల్లె నుంచి కూడా ఇదే డౌట్.

తప్పు నొక్కలేదు. ఆ రెండక్షరాల వెనక యాభై ఏళ్ల కథ ఉంది. అది అర్థమైతే సీటు ఎవరు ఇస్తారు, ఎలా ఇస్తారు అన్నది సగం అర్థమైనట్టే. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం అడ్మిషన్ రూల్స్ మీదే. అమ్మానాన్నలు పక్కనుంటే వాళ్లని కూడా కూర్చోబెట్టండి. తొమ్మిదో తరగతికి వెళ్లే తమ్ముడో చెల్లో ఉంటే ఇంకా మంచిది. ఎందుకో మధ్యలో చెప్తా.

ముందు కథ. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. మా ప్రాంతం సీట్లు, మా ప్రాంతం ఉద్యోగాలు వేరేవాళ్లు పట్టుకుపోతున్నారన్నది గొడవల్లో పెద్ద పాయింట్. దానికి పరిష్కారంగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని మీద రాజ్యాంగాన్ని సవరించి 371డి అనే అధికరణం పెట్టారు. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చారు. చదువుల కోసం రాష్ట్రాన్ని మూడు లోకల్ ఏరియాలు చేశారు. అప్పుడున్న మూడు పెద్ద యూనివర్సిటీల పేర్లే పెట్టారు: ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర.

ఇప్పుడు డేట్ చూడండి. ఉత్తర్వు 1974. నాగార్జున యూనివర్సిటీ పుట్టింది 1976లో. అప్పటిదాకా గుంటూరు జిల్లా కాలేజీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి. ఉత్తర్వు రాసేటప్పటికి నాగార్జున లేదు కాబట్టి మన ఏరియా పేరు ఏయూగానే ఉండిపోయింది. యూనివర్సిటీ మారింది, ఏరియా పేరు మారలేదు. అంతే సంగతి.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా వచ్చింది, రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. దీనివల్ల అడ్మిషన్‌లో తేడా వస్తుందా అని కొందరు అడిగారు. రాదు. లోకల్ ఏరియాకి పాత జిల్లాలే లెక్క. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఏయూ. నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు ఎస్వీయూ.

సరే, మరి సీటు ఎవరిస్తారు? చాలామంది యూనివర్సిటీ ఇస్తుందనుకుంటారు. కొంతమంది కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఇస్తారనుకుంటారు. నిజానికి పని ముక్కలుగా పంచుకున్నారు. ఏ కాలేజీలో ఏ కోర్సు ఉండాలి, సిలబస్ ఏంటి, పరీక్ష ఎలా, డిగ్రీ పట్టా ఎవరిస్తారు... ఇది యూనివర్సిటీ పని. ఎవరు ఏ కాలేజీకి వెళ్లాలి అనేది రాష్ట్ర ఉన్నత విద్యామండలి నడిపే కౌన్సెలింగ్ పని. ఎంతమంది లోకల్ అన్నది రాష్ట్రపతి ఉత్తర్వు. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీకి 2020-21 నుంచి ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులే. తెనాలిలో వీఎస్ఆర్ అండ్ ఎన్వీఆర్ కాలేజీ కావాలన్నా, రేపల్లెలో గవర్నమెంటు డిగ్రీ కాలేజీ కావాలన్నా అదే పోర్టల్. అంతకుముందు ఒక్కో కాలేజీకి తిరిగి ఒక్కో అప్లికేషన్ కొనుక్కునేవాళ్లు.

ఇంజినీరింగ్‌కి ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. ర్యాంకు ఒక్క ఎంట్రన్స్‌తో రాదు. 75 శాతం ఎంట్రన్స్, 25 శాతం ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులు. కోవిడ్ టైమ్‌లో ఈ వెయిటేజీ ఆపి, 2023లో మళ్లీ తెచ్చారు. లెక్క సింపుల్: ఎంట్రన్స్‌లో 160కి 80 వస్తే 37.5. ఇంటర్ గ్రూప్‌లో 90 శాతం వస్తే 22.5. మొత్తం 60. నార్మలైజేషన్ పక్కన పెడితే ఇదే సూత్రం. ఇంటర్ మార్కులు ఎవడు చూస్తాడ్లే అనేవాళ్లకి ఇది వినిపించండి.

ఇప్పుడు అసలు పాయింట్. లోకల్ అంటే ఎవరు?

చాలామంది అనుకునేది: మా ఇల్లు రేపల్లె, ఆధార్ రేపల్లె, రేషన్ కార్డు రేపల్లె, కాబట్టి నేను లోకల్. కాదు! మీరు స్కూల్, కాలేజీ చదివి ఉంటే ముందు చూసేది ఇల్లు ఎక్కడ అని కాదు, చదువు ఎక్కడ అని. ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో అక్కడ లోకల్. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. ఈ నాలుగూ ఒకే ఏరియాలో లేకపోతే అప్పుడు వెనక్కి వెళ్లి ఏడేళ్లు చూస్తారు, ఆరో తరగతి నుంచి. అందులో ఎక్కువ కాలం ఎక్కడుంటే అక్కడ లోకల్. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మనేది ఇందుకే. ఊరికే తిప్పడానికి కాదు.

ముగ్గురు ఫ్రెండ్స్ అనుకుందాం. ముగ్గురిదీ రేపల్లే, ఒకే వీధి.

మొదటివాడు పది దాకా రేపల్లె, ఇంటర్ విజయవాడ. రెండూ ఏయూ ఏరియానే. నో ప్రాబ్లమ్.

రెండోవాడు పది దాకా రేపల్లె, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో. చివరి నాలుగేళ్లలో రెండు ఇక్కడ, రెండు అక్కడ. నాలుగేళ్ల రూల్ తేలలేదు. ఏడేళ్లు చూస్తే ఐదు ఇక్కడ, రెండు అక్కడ. కాబట్టి ఏయూ లోకల్. బతికిపోయాడు.

మూడోవాడు ఎనిమిది దాకా రేపల్లె. తొమ్మిదిలోనే, ఫౌండేషన్ బాగుంటుందని, నెల్లూరు రెసిడెన్షియల్‌లో వేశారు. అక్కడే ఇంటర్ అయిపోయింది. వరుసగా నాలుగేళ్లు ఎస్వీయూ ఏరియా. అంతే, వాడు ఎస్వీయూ లోకల్. ఇల్లు రేపల్లెలో, అమ్మానాన్న రేపల్లెలో, ఓటు రేపల్లెలో. కానీ బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీకి అప్లై చేస్తే నాన్ లోకల్. కన్వీనర్ సీట్లలో 85 శాతం ఏయూ లోకల్స్‌కి. మిగిలిన 15 శాతంలో వాడు పోటీ పడాలి. ఆ 15 కూడా నాన్ లోకల్స్‌కి రిజర్వ్ చేసింది కాదు, మెరిట్‌లో ఎవరైనా రావొచ్చు. ఏయూ పిల్లలు కూడా అందులో ఉంటారు.

చూశారా, పదమూడేళ్ల పిల్లాడి విషయంలో ఇంట్లో భోజనాల దగ్గర తీసుకున్న నిర్ణయం, పదిహేడేళ్లకి సీటు దగ్గర బయటపడుతుంది. అందుకే చెప్పా, తొమ్మిదో తరగతి వాళ్లని కూడా కూర్చోబెట్టమని. గుంటూరు, విజయవాడ, ఒంగోలు, వైజాగ్... ఎక్కడ వేసినా ఏయూనే. దాటుతున్నామంటే తెలిసి దాటాలి. తెలంగాణలో చదివినవాళ్లకి లెక్క ఇంకా వేరు. విభజన చట్టం ప్రకారం పాత అడ్మిషన్ కోటాలు పదేళ్లే, 2024 జూన్ 2తో ఆ గడువు అయిపోయింది. హైదరాబాద్‌లో ఇంటర్ చేసినవాళ్లు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్ స్టేటస్ పేరా అక్షరం అక్షరం చదవండి. పాత వీడియోలు నమ్మొద్దు, నావి కూడా.

ఈ రూల్ అన్యాయమా? నేనైతే అననండి. పెద్ద కోచింగ్ ఊళ్లు అన్ని ప్రాంతాల్లో లేవు. వెనకబడిన ప్రాంతం పిల్లలకి వాళ్ల దగ్గర కాలేజీలో చోటు ఉండాలన్న ఆలోచనలో న్యాయం ఉంది. నాకు నచ్చనిది ఒక్కటే. ఎనిమిదో తరగతిలో టీసీ తీసుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇస్తే చాలు కదా?

ఇక బాపట్ల అగ్రికల్చర్ కాలేజీ. 1945 నుంచి ఉన్న కాలేజీ. బైపీసీ పిల్లల కల. అది నాగార్జున కింద కాదు, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద. ఇక్కడ లెక్క మారుతుంది. ఆ యూనివర్సిటీ 1974 ఉత్తర్వులోనే రాష్ట్రవ్యాప్త యూనివర్సిటీ. అందుకని కాలేజీ బాపట్లలో ఉన్నా 85 శాతం మన ఒక్క ఏరియాకే కాదు. అసలు ఉత్తర్వులో ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమకి 42, 36, 22 నిష్పత్తి. ఇంటి ముందు కాలేజీ కదా, మాకే ఎక్కువ అనుకోవడానికి లేదు.

ఇంకోటి, రైతు కోటా. ఒకటి నుంచి ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండాలి, అమ్మానాన్న పేర్న గానీ సొంతంగా గానీ కనీసం ఎకరం పొలం ఉండాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ మున్సిపాలిటీలే! ఊళ్లో నాలుగెకరాలున్నా పిల్లని ఎల్‌కేజీ నుంచి తెనాలి టౌన్ బస్సెక్కించిన ఇంట్లో ఈ కోటా దక్కదు. పక్క పల్లెటూరి బళ్లో ఐదో క్లాసు దాకా చదివిన అమ్మాయికి దక్కుతుంది. ఊరి బడి సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి, దానికి విలువ ఉంది.

ఇప్పుడు నా సబ్జెక్ట్, వెబ్ ఆప్షన్స్. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది ప్రోగ్రామ్‌లా చెప్తా. అందరిలో ఒక భయం ఉంది: “పెద్ద కాలేజీ మొదట పెడితే, అది రాకపోతే రెండో ఆప్షన్ కూడా ఎవరో కొట్టేస్తారు.” ఇది అపోహ. ప్రోగ్రామ్ ఆప్షన్ నంబర్ చూసి నడవదు, ర్యాంకు చూసి నడుస్తుంది. ఒకటో ర్యాంకు వాడి లిస్టు పైనుంచి కిందకి చూస్తుంది. వాడికి వర్తించే సీటు ఖాళీగా ఉన్న మొదటి కాలేజీ ఇచ్చేస్తుంది. తర్వాత రెండో ర్యాంకు. మీ వంతు వచ్చినప్పుడు మీ పదో ఆప్షన్‌లో సీటుంటే, మీ తర్వాత ర్యాంకు వాడు దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా మీకే వస్తుంది. లోకల్, ఎస్సీ, ఎస్టీ, బీసీ, అమ్మాయిల వాటా అన్నీ ఆ చెకింగ్‌లోనే జరుగుతాయి.

కాబట్టి మూడు మాటలు. ఒకటి, నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి, భయపడి కిందకి దించకండి. రెండు, ఐదారు పెట్టి ఆపకండి. లిస్టు అయిపోతే ప్రోగ్రామ్ మీ కోసం ఆలోచించదు, పక్కవాడి దగ్గరికి వెళ్లిపోతుంది. మూడు, వెళ్లని కాలేజీ అసలు పెట్టకండి. ముఖ్యంగా రెండో విడతలో. అక్కడ కొత్త సీటు వస్తే మొదటి విడత సీటు ఆటోమేటిక్‌గా పోతుంది, తిరిగి రాదు. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే పెట్టండి.

ఇంకో జాగ్రత్త. ఇంజినీరింగ్ ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే. “కౌన్సెలింగ్ ఎందుకమ్మా, మా దగ్గర స్పాట్‌లో చేరు, తర్వాత చూసుకుందాం” అని ఎవరన్నా అంటే ఆగండి. స్పాట్ అడ్మిషన్‌కి రీయింబర్స్‌మెంట్ ఉండదు. ఆ తర్వాత చూసుకునేది మీ నాన్నగారే. ఇక వడ్లమూడి విజ్ఞాన్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీలకి సొంత పరీక్ష, సొంత నోటిఫికేషన్. వాటిని ఈ లెక్కల్లో కలపొద్దు.

చివరిగా, ఇవాళే చేయాల్సిన పని. ఆరు నుంచి ఇంటర్ దాకా ఒక్కో ఏడాది ఏ ఊళ్లో చదివారో కాగితం మీద రాయండి. పక్కన ఏయూనా ఎస్వీయూనా వేయండి. ఏ ఏడాది సర్టిఫికెట్ లేదో గుర్తు పెట్టండి. రేపు పొద్దున్నే ఆ స్కూల్‌కి వెళ్లండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక వెళ్తే అక్కడ మీతో పాటు ఇంకో వంద మంది ఉంటారు.

మీ ఏడేళ్ల లిస్టు కామెంట్‌లో పెట్టండి, ఏ ఏరియా వస్తుందో కలిసి చూద్దాం. హాల్ టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి ప్లీజ్. ఈ వీడియో ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇంటికి ఒక్కళ్లకైనా పంపండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.