పెరటి మందలోనికి క్రొత్త పెట్ట



“కొత్తొక వింత, పాతొక రోత” యని మనుష్యులలో సామెత కలదు. పెరటికోళ్ల లోకమున నిది తలక్రిందు. అచ్చట క్రొత్తదే రోత. సంతలో కొన్న పెట్టను సాయంకాలమునకు ఇంటికి తెచ్చి, కాళ్లకట్టు విప్పి, గుప్పెడు నూకలు చల్లి మందలోనికి వదలుట పల్లెలలో వాడుక. మరునాటికి దాని తల నెత్తురోడుచుండును. అంతకంటె పెద్ద ముప్పు మరియొకటి గలదు: అది తెచ్చిన తెగులుతో కొలది దినములలోనే గూడంతయు ఖాళీ కావచ్చును. గ్రుడ్లమ్మిన పైకముతో ఉప్పు, నూనె, పిల్లల పుస్తకములు కొనుకొను ఇల్లాలికి అది చిన్న నష్టము కాదు.

కావున మొదటి పని వేరుగా నుంచుట. కొక్కెర తెగులు, అనగా రాణిఖేత్ వ్యాధి, సోకిన కోడి కొన్ని దినములు పైకి ఆరోగ్యముగనే కనబడును. లక్షణములు బయటపడుటకు 2 మొదలు 15 దినములు పట్టవచ్చును. అందుచే క్రొత్త పెట్టను 21 దినములు పాత గూటికి దూరముగా నుంచవలెను. దాని నీటి మూకుడు, దాణా చిప్ప వేరుగా నుండవలెను. ముందు పాత కోళ్లకు మేత వేసి, పిదప దానికి వేసి, చేతులును కాళ్లును కడుగుకొనవలెను. గురక, పచ్చని రెట్ట, మెడ మెలిదిరుగుట, రెక్కలక్రింద పేలు ఉన్నవేమో ప్రతిదినము చూడవలెను. కొక్కెర తెగులు సోకిన పిదప నయము చేయు మందు లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్ష.

రెండవది మంద స్వభావము. నార్వే దేశీయుడగు తోర్లీఫ్ షెల్డెరూప్-ఎబ్బే కోళ్లలో పొడుపు వరుస యొకటి గలదని 1922లో ప్రకటించెను. తాను దేనిని పొడువవచ్చునో, దేనికి తొలగవలెనో ప్రతి పెట్టకును తెలియును. మేత, నీరు, రాత్రి కొయ్యపై చోటు ఈ వరుస ననుసరించియే దొరకును. క్రొత్తది రాగానే వరుస చెదరును. మరల కుదురువరకు పోరు తప్పదు.

ఆ పోరును తగ్గించుటకు, దూరముంచిన గడువు తీరిన పిమ్మట, నడుమ వెదురు తడిక కట్టి వారము దినములు చూపు మాత్రమే కలుగనీయవలెను. తరువాత ప్రొద్దుగ్రుంకినపుడు దానిని కొయ్యపై తక్కిన కోళ్ల ప్రక్కన నుంచవలెను. తెల్లవారుటకు ముందే లేచి కనిపెట్టవలెను. ఒంటరి పెట్టకంటె జంట మేలు. పాతవానితో సమానమైన యొడ్డు పొడుగు గలవైన మరియు మేలు. దాణా చిప్పలు రెండుమూడు చోట్ల నుంచి, దాగుటకు బోర్లించిన తట్టయో, తాటాకుల మరుగో చూపవలెను. చిన్న పొడుపులకు అడ్డుపడరాదు. నెత్తురు కనబడినచో మాత్రము వెంటనే తీసివేయవలెను. ఎఱుపు చూచిన మంద మరల మరల నచ్చటనే పొడుచును. మితిమీరి తరుము పాత పెట్టను రెండు దినములు వేరుగా కట్టియుంచిన, తిరిగి వచ్చునప్పటికి దాని పెత్తనము కొంత సడలును.

ఒక సాయంకాలము క్రొత్త పెట్ట తరుమబడక కొయ్య చివరను కనులు మూయును. అంతటితో మంద దానిని చేర్చుకొన్నట్లే. ఒక నెల యోపిక ఏడాది గ్రుడ్లను కాపాడును.