తక్కువ డబ్బుతో మోటారు సైకిలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులుకు మోటారు సైకిలుతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. మా బడి దాటి వెళ్ళిన పిల్లల్లో చాలామంది స్వంత సంపాదనతో చేసే మొదటి పెద్ద ఖర్చు బండి కొనడమే. రంగులు వేసే పనికి పోయేవాడికి, గంపలో పండ్లు పెట్టుకుని పల్లెలు తిరిగేవాడికి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆడపిల్లకు అది షోకు కాదు, జీవనాధారం. ఆ డబ్బు ఎంతో కష్టం మీద కూడినది. కనుక దానిని ఎలా ఖర్చు పెట్టాలో నాలుగు మాటలు చెప్పడానికి పెద్దలు అవకాశమిచ్చారు.

మన ఇళ్ళలో ఒక సామెత ఉన్నది: "మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్." ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారి ఏడుస్తాడు, చవకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు అని. మనకు ఖరీదైనది కొనే శక్తి లేదు. మరి చవకది కొని కూడా ఏడవకుండా ఉండే మార్గం లేదా? ఉంది. లెక్కను బండి ధరతో మొదలుపెట్టకండి. బండి ధరతో ముగించండి.

చేతిలో 40,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. కుర్రవాడు ఏం చేస్తాడు? 40,000 బండినే వెతుకుతాడు. కొన్నాక లైసెన్సుకు డబ్బుండదు, హెల్మెట్టుకు ఉండదు, పేరు మార్పుకు అసలే ఉండదు. నేను చెప్పేదేమిటంటే, ముందుగా 10,000 పక్కన పెట్టండి. లైసెన్సు, రెండు హెల్మెట్లు, ఇన్సూరెన్సు, పేరు మార్పు, మొదటి రిపేరు అందులోంచి జరగాలి. మిగిలిన 30,000కు ఏ బండి వస్తుందో అదే మన బండి.

మొదటిది లైసెన్సు. గేర్ల బండికి 18 ఏళ్ళు నిండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు పరీక్షకు వెళ్ళవచ్చు. మన పిల్లలు ఆఫీసు పరీక్ష అనగానే భాష రాదేమోనని భయపడి ఏళ్ళ తరబడి లైసెన్సు లేకుండానే నడుపుతున్నారు. ఆ పరీక్షలో ముఖ్యమైనవి రోడ్డు గుర్తులు. గుర్తుకు లిపి లేదు. ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, గుండ్రనిది తప్పక పాటించవలసిన ఆజ్ఞ, నీలం చతురస్రాకారపు బోర్డు సమాచారం. ఒక్క సాయంత్రం కూర్చుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పదో తరగతి కుర్రవాడికి ముద్దుగా తాళం ఇచ్చే నాన్నలున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ కుర్రవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ముద్దు ఎంత ఖరీదో చూడండి.

రెండవది హెల్మెట్టు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్టు తయారు చేయడం, అమ్మడం నిషిద్ధం. అయినా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు. ముద్ర చూసి కొనండి. పాత హెల్మెట్టు మాత్రం కొనవద్దు. అది ఒకసారి కింద పడి లోపల దెబ్బతిన్నదో లేదో పైకి కనపడదు. వెనక కూర్చునే వాళ్ళ తల కూడా తలే కాబట్టి రెండు కొనండి.

ఇక బండి. మొదటి బండికి 100 సి.సి. చాలు. పెట్రోలు తక్కువ తాగుతుంది, సామాను ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది, ఏ మెకానిక్కైనా విప్పగలడు. చూడబోయే ముందు అమ్మేవాడికి "నేను వచ్చేదాకా స్టార్టు చేయవద్దు" అని చెప్పండి. వెళ్ళగానే ఇంజను మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్టు చేసి ఉంచాడన్న మాట. చల్లటి ఇంజను సులువుగా అందుకోవాలి. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది, ఇంజను పని ఉంది. ముందు ఫోర్కుల దగ్గర ఆయిలు కారిన మరకలున్నాయేమో చూడండి. చైను వెనక చక్రం పళ్ళు కొడవలి మొనలా వంగితే చైను సెట్టు మార్చాలి, ఆ మేరకు ధర తగ్గించమనండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు బాగున్నా రబ్బరు ముసలిదైతే నమ్మరాదు. తెలిసిన మెకానిక్కుకు టీ ఇప్పించి, రెండు వందలిచ్చి వెంట తీసుకుపోండి. అంతకు మించిన లాభసాటి ఖర్చు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం. సి బుక్కు అని మనం పిలిచే ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. ఫైనాన్సు బండి అయితే బాకీ తీరినట్టు ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కర్నూలు వంటి సరిహద్దు ఊళ్ళలో ఉన్నవారికి హైదరాబాదు బండి చవకగా కనిపిస్తుంది. 2014 తర్వాత అది వేరే రాష్ట్రపు బండి. అక్కడి నుంచి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఇవన్నీ కలిపితే ఆ చవక ఎక్కడుంటుంది?

"సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చాను, ఎప్పుడైనా మార్చుకో" అని అమ్మేవాళ్ళుంటారు. కొన్నవాడు అలాగే తిరుగుతాడు. ఇది ఇద్దరికీ ప్రమాదమే. అమ్మేసిన బండి విషయంలో 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారిదే. బండి చేతులు ఎన్ని మారినా సరే. కాబట్టి అమ్మిన అన్నా, కొన్న తమ్ముడా, ఇద్దరూ కలిసి వెళ్ళి పేరు మార్పించుకోండి.

ఇన్సూరెన్సు లేని బండి కింద ఎవరైనా పడితే పరిహారం మన ఇంట్లోంచే కట్టాలి. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సి.సి. బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పన్ను అదనం. నెలకు ఎంతయిందో లెక్కవేయండి. టీ ఖర్చంత కూడా లేదు. అది ఎదుటివాడికి రక్షణ. నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా విడిగా ఉన్నది, దానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి తీరాలి. లైసెన్సు లేనివాడి ఇంటికి ఆ ఆసరా లేదు.

నేర్చుకోవడం తెల్లవారుజామున ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. ముందు క్లచ్చి, తర్వాత బ్రేకు, ఆఖరున వేగం. ఆపేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టడం అలవాటు చేసుకోండి. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్మితే బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది. నేర్పేవాణ్ణి తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. నెలకు ఒక్క సాయంత్రం ఇద్దరు చదువుకున్న కుర్రవాళ్ళు కూర్చుని లైసెన్సు దరఖాస్తులు, 29, 30 ఫారాలు ఉచితంగా నింపిపెడితే చాలు. గోడకు రోడ్డు గుర్తుల పటం ఒకటి తగిలించండి, దాన్ని చదివించే పూచీ నాది. బండి కొనడానికి సాయం చేసే శక్తి మనకు ఉండకపోవచ్చు. కొన్న బండి ఇంటిని ముంచకుండా చూసే శక్తి మాత్రం ఉన్నది.