పొట్టకు బ్యాండు వేశాక: బరువు, భోజనం, మన ప్రసాదాల వరుస

(శనివారం పూజ తర్వాత గుడి హాల్లో జరిగిన ఆరోగ్య సమావేశంలో, అన్నదాన సేవా బృందంలోని ఒక జంట చేసిన ప్రసంగ పాఠం)

 

పక్క గదిలోంచి పులిహోర పోపు వాసన వస్తుండగా, తిండి తగ్గించుకోవడం గురించి మాట్లాడమన్నారు కమిటీవారు. ముహూర్తం బాగానే పెట్టారు. వంటగదిలో మాతోపాటు సేవ చేసేవాళ్లకు తెలుసు, మేమిద్దరం కూరగాయలు తరగడానికీ గుడి వెబ్‌సైటు చూసుకోవడానికీ పనికొస్తాం గాని ఉపన్యాసాలకు కాదు. డాక్టర్లం అసలే కాదు. మేము చూసింది, మా ఆసుపత్రి డైటీషియన్ దగ్గర నేర్చుకుంది మాత్రమే చెబుతాం. మీ సంగతి మీ డాక్టరుగారితోనే మాట్లాడుకోండి.

మా ఇంట్లో ఒకరికి ఏడాదిన్నర కిందట గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేశారు. ఎవరికన్నది చెప్పం. చెబితే వచ్చే శనివారం నుంచి అందరి కళ్లూ ఆ మనిషి ప్లేటు మీదే ఉంటాయి. పైగా కోత ఒకరికి పడినా పథ్యం ఇద్దరం చేశాం. అందుకే మొదటి నుంచి చివరిదాకా 'మేము' అనే చెబుతాం.

అప్పటికి బరువు 98 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ 36. షుగరు వచ్చి నాలుగేళ్లయింది. "అంత లావేం లేరే, ఆపరేషన్ ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇంగ్లండులో ఏ వైద్యం ఎవరికి ఇవ్వాలో మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ ఉంది. బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి షుగరు, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చంటుంది. దక్షిణాసియా కుటుంబాలవాళ్లకు ఆ హద్దులు 2.5 తగ్గిస్తుంది, అంటే మనకు 37.5, జబ్బు తోడుంటే 32.5. తెల్లవాళ్లకంటే తక్కువ బరువులోనే మనకు షుగరు అంటుకుంటుంది కాబట్టి ఈ తేడా. చాలామంది జీపీ దగ్గరికి వెళ్లి ఈ మాట అడగరు. అడగండి.

బ్యాండు అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాం. మొలతాడు నడుముకు కడతాం కదా, ఇది జీర్ణకోశం పైభాగానికి కట్టిన సిలికాన్ మొలతాడు. దానికి లోపలివైపు చిన్న బెలూను ఉంటుంది. అందులోంచి సన్నని గొట్టం ఒకటి పొట్ట చర్మం కింద కుట్టిన పోర్టు దాకా వస్తుంది. ఆ పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే బ్యాండు బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. సర్దుకునే ఈ బ్యాండును పెద్ద కోత లేకుండా, కీహోల్ పద్ధతిలో మొదటిసారి వేసింది ఇథియోపియాలో పుట్టి బెల్జియంలో పనిచేసిన డాక్టర్ మిటికు బెలాచ్యూ, 1993లో. ఒకప్పుడు ఇవి చాలా వేసేవారు. ఇప్పుడు ఎక్కువగా స్లీవ్, బైపాస్ చేస్తున్నారు. బ్యాండు జారడం, లోపలికి కోసుకుపోవడం లాంటివి జరిగి కొందరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం అందుకు ఒక కారణం. ఇదీ తెలిసే ముందుకు వెళ్లాం. పేగులు కోసి కలపడం ఉండదు, కావాలంటే తీసేయవచ్చు అన్నవి మాకు నచ్చాయి.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు కాలేయం తగ్గే పథ్యం పెట్టారు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కీహోల్ పనిముట్లకు అడ్డొస్తుందట. తిండి ఒక్కసారిగా తగ్గుతుంది గనక షుగరు మందులు అదే మోతాదులో వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. మోతాదు డాక్టరే మార్చాలి, మనం సొంతంగా కాదు.

కోలుకోవడం మేము భయపడ్డంత కాలేదు. పొట్ట మీద అయిదు చిన్న గాట్లు. అదే రోజు సాయంత్రం వార్డులో నడిపించారు, మర్నాడు ఇంటికి పంపారు. విచిత్రమేమిటంటే నొప్పి పొట్టలో కంటే భుజంలో ఎక్కువ. ఆపరేషన్‌కోసం పొట్టలోకి నింపే గ్యాసు వల్ల అలా వస్తుందని, నడిస్తే తగ్గుతుందని నర్సమ్మ చెప్పింది. వీధి చివరి పోస్టు డబ్బా దాకా రోజుకు నాలుగుసార్లు నడిచాం. రెండు వారాలు తిరిగేసరికి ఆఫీసు పనికి కూర్చోగలిగాం. బరువులు మాత్రం ఎత్తనివ్వలేదు, బియ్యం బస్తాతో సహా.

తిండి సంగతికి వస్తే, మొదటి రెండు వారాలు ద్రవాలే: పప్పు కట్టు, వడగట్టిన చారు, పలచని మజ్జిగ, పాలు. తర్వాత రెండు వారాలు మెత్తగా మిక్సీ పట్టినవి. ఆ పైన మెత్తనివి, ఆరు వారాల తర్వాత మామూలు తిండి. ఒక్కో ఆసుపత్రిలో ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మన వంటిల్లు ఈ విషయంలో ఎంత గొప్పదో అప్పుడే తెలిసింది. వార్డులో పక్క మంచం ఆయన డబ్బా సూపులతో విసిగిపోయాడు. మాకు ముద్దపప్పు, మెత్తటి పెసరపప్పు కిచిడీ, గిలక్కొట్టిన పెరుగు, రాగి జావ ఉన్నాయి.

అసలు కష్టం అయిదో వారంలో మొదలవుతుంది. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి కాస్త నిలబడి చెబుతాం. ద్రవాల మీద ఉన్నప్పుడు బరువు జరజరా తగ్గింది, ఏడు కిలోలు. మామూలు తిండి మొదలయ్యేసరికి ఆగిపోయింది. ఆకలి మాత్రం పూర్తిగా తిరిగి వచ్చింది. ఎందుకంటే గాయం మానేదాకా బ్యాండులో సెలైన్ దాదాపు ఏమీ ఎక్కించరు. అంటే బ్యాండు ఉన్నట్టే గాని పనిచేయడం ఇంకా మొదలుపెట్టలేదు. మొదటి సర్దుబాటు నాలుగు నుంచి ఆరు వారాలకు, తర్వాత కొన్ని నెలల పాటు కొంచెం కొంచెం. ఆ మధ్యకాలంలో "ఇంత చేయించుకున్నా ఇంతేనా" అని ఏడుపొస్తుంది. మాకు నాలుగో సర్దుబాటుకు గాని కుదరలేదు. ఆ తర్వాత వారానికి అర కిలో, ఒక్కోసారి మూడు వారాలు ఏమీ లేదు. ఇప్పుడు 81 కిలోలు. 17 తగ్గాం. షుగరుకు రెండు మాత్రల్లో ఒకటి తీసేశారు. మామూలుగా బ్యాండు వేసుకున్నవాళ్లు, ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో సుమారు సగం తగ్గుతారని చెప్పారు. మా లెక్క దానికి దగ్గరే.

బిగిస్తే మంచిదే కదా అనుకోకండి. మరీ బిగిస్తే ఘనాహారం దిగదు, రాత్రి పడుకుంటే గుండెల్లో మంట, దగ్గు. మనిషి మెత్తనివాటి మీదకు మళ్లుతాడు. ఇక్కడే మన ప్రసాదాల సంగతి వస్తుంది.

శ్రీరామనవమి తీసుకోండి. వడపప్పు, పానకం రెండూ ఒకే చేత్తో పెడతాం. వడపప్పు బ్యాండు ఉన్నవాళ్లకు చుట్టం: మాంసకృత్తులుంటాయి, నమిలితే దిగుతుంది, నాలుగు చెంచాలతో కడుపు నిండుతుంది. పానకం నీళ్లలాగే బ్యాండు దాటి జారిపోతుంది, బెల్లం మొత్తం ఒంటికి పడుతుంది, ఆకలి ఆకలిగానే ఉంటుంది. పాయసం, కేసరి, లడ్డు, ఐస్‌క్రీమ్ అన్నీ ఆ జాతే. పొడిపొడిగా ఉండే పులిహోర మాత్రం మెతుకు మెతుకు అడ్డం పడుతుంది. మెత్తటి బ్రెడ్డు, పూరీ, చపాతీ కూడా అంతే. అంటే తేలిగ్గా దిగేవి బరువు పెంచుతాయి, దిగనివి గుండెల్లో పట్టేస్తాయి. బ్యాండు తీపిని ఆపదు. ఆపరేషన్ చేయించుకుని కూడా బరువు తగ్గనివాళ్ల కథ చాలావరకు ఇక్కడే ఉంటుందని మా డైటీషియన్ అంది.

తినే పద్ధతి ఇది. చిన్న ముద్ద, చిటికెన వేలి గోరంత. ఇరవైసార్లు నమలాలి. మింగాక చెంచా కింద పెట్టి, ఒక నిమిషం ఆగి, తర్వాతి ముద్ద. ఇరవై నిమిషాలకు భోజనం ముగించాలి, ప్లేటులో మిగిలినా సరే. ముందు పప్పు, పనీరు, పెరుగు, తర్వాత కూర, అన్నం చివర. భోజనంతో నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. విటమిను మాత్రలు రోజూ వేసుకోవాలి, శాకాహారులు బీ12, ఐరన్ పరీక్షలు మరిచిపోకూడదు. పెద్ద మాత్రలు అడ్డం పడతాయి, కాని వాటిని అడగకుండా నూరేయకండి. నెమ్మదిగా కరిగే రకమైతే నూరితే ప్రమాదం. ఫార్మసిస్టును అడిగితే వేరే రూపంలో ఇప్పిస్తారు.

ఉపవాసాల గురించి చాలామంది అడిగారు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఈ శరీరానికి సరిపడదు. రోజంతా ఉండి సాయంత్రం సగ్గుబియ్యం ఉప్మాతో విడవడం ఇంకా కష్టం, అది జిగురు. మేము ఏకాదశికి పాలు, పెరుగు, మెత్తటి పండు తీసుకుంటున్నాం. పూజారిగారిని అడిగే మొదలుపెట్టాం.

ఇక వడ్డన. మనవాళ్ల ప్రేమంతా కొసరి వడ్డించడంలోనే ఉంటుంది. "ఇదేం తిండి, పిచ్చుక తిన్నట్టు? ఇంకొంచెం, నా మీద ఒట్టు." ఆ ఇంకొంచెం మొహమాటానికి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? ముద్ద బ్యాండు దగ్గర ఆగిపోతుంది. ఛాతీలో బండ పెట్టినట్టు నొప్పి. నోట్లో నురగలా ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, మింగుడు పడదు. అది వెనక్కి వచ్చేదాకా బాత్రూంలో నిలబడాలి. అలా పదే పదే వాంతులైతే బ్యాండు జారవచ్చు. అది మళ్లీ ఆపరేషన్‌దాకా తీసుకెళ్తుంది. ఒళ్లు ఆరు వారాల్లో కోలుకుంది గాని, నలుగురిలో కూర్చుని తినడానికి మాకు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ హారతి అయిన వెంటనే కారెక్కాం. "పని ఉందండీ" అన్నాం. అలా వెళ్లిపోయేవాళ్లు ఈ గుడిలో మేమొక్కళ్లమే కాదని తర్వాత తెలిసింది. ఆపరేషన్ కానివాళ్లూ ఉన్నారు. ఈమధ్య వెగోవీ, మౌంజారో ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకూ రెండు ముద్దలకే కడుపు నిండుతుంది.

ఇంట్లో ఈ గొడవ మాకు అమ్మతో తేలింది. కాకినాడ నుంచి మూడు నెలలకు వచ్చింది, రెండు డబ్బాల సున్నుండలతో. విషయం చెబితే మూడు రోజులు మాట్లాడలేదు. "తిండి తగ్గించుకోలేక కోయించుకున్నారా" అంది. ఇది చాలామంది నోట వింటాం, సులువు దారి అన్నట్టు. రోజూ మూడు పూటలా ఇరవైసార్లు నమిలి చూడండి, ఎంత సులువో. నాలుగో రోజు అమ్మే అలమరలోంచి మా పాప అన్నప్రాసన నాటి వెండి గిన్నె తీసి, అందులో ముద్దపప్పు పెట్టి ఇచ్చింది. "నిండా పెట్టాను, మిగల్చకూడదు" అంది. గిన్నె నిండుగా ఉంటే ఆమెకు తృప్తి, గిన్నె చిన్నదైతే మాకు క్షేమం. సున్నుండలు మీ అందరికీ పోయిన దసరాకు ప్రసాదంలో అందాయి.

మరో రెండు మాటలు. కొందరు సెలవుల్లో హైదరాబాదు వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వద్దామనుకుంటున్నారు. అక్కడ మంచి సర్జన్లున్నారు. కాని బ్యాండుకు ఆపరేషన్‌తో పని అయిపోదు, సర్దుబాట్లు ఏళ్ల తరబడి ఉంటాయి. అవి ఇక్కడ ఎవరు చేస్తారో, ఎంత తీసుకుంటారో టికెట్టు కొనకముందే కాగితం మీద తెచ్చుకోండి. ఆపరేషన్ చేసిన విభాగమే కనీసం రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలని నైస్ చెబుతుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, అదీ ముందే మాట్లాడుకోండి. ఉమ్మి, నీళ్లు కూడా దిగకపోతే, వాంతులు ఆగకపోతే, పొట్టలో తీవ్రమైన నొప్పి, జ్వరం, పోర్టు దగ్గర ఎరుపు కనిపిస్తే తెల్లారేదాకా చూడకండి. 111కి ఫోన్ చేయండి, మరీ తీవ్రమైతే 999 లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి.

వచ్చే శనివారం నుంచి అన్నదానం వరుస మొదట్లో మామూలు ప్లేట్ల పక్కనే చిన్న గిన్నెలు పెడుతున్నాం. పిల్లలవి అనుకునేరు, ఎవరైనా తీసుకోవచ్చు. వడ్డించే సేవకులకు ఒక్కటే విన్నపం: గిన్నె పట్టుకున్నవాళ్లను ఎందుకని అడగవద్దు, రెండోసారి గరిటె ముంచవద్దు. దద్దోజనం, పప్పు ముందు వైపుకు మారుస్తున్నాం, పులిహోర చివరికి వెళ్తుంది. పులిహోర అభిమానులు మమ్మల్ని క్షమించాలి, అది అయిపోదు, ఎప్పటిలాగే రెండు గంగాళాలు.

ఎవరైనా విడిగా మాట్లాడాలనుకుంటే చెప్పుల స్టాండు పక్క చిన్న గదిలో గంటసేపు ఉంటాం. తలుపు మూసి మాట్లాడుకోవచ్చు.