కొని కూర్చుంటే కుదరని బేరం
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ఈ రోజున మనకీ పండుగ. అటువంటి రిటైర్మెంటు సొమ్ములో రెండు లక్షలు ఎలా పోగొట్టుకున్నానో నలుగురికీ చెప్పమని కార్యదర్శి గారు కోరారు. సిగ్గు విడిచి చెబుతున్నాను.

"మంచి షేరు కొని కదపకుండా ఉంచుకో" అన్న మాట మనందరం విన్నదే. ఆ మాట పట్టుకుని 2020 జనవరిలో నిఫ్టీ ఫ్యూచర్స్ ఒక లాటు కొన్నాను. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. దాని మీద ఫ్యూచర్స్ వ్యాపారం మన దేశంలో 2000 జూన్‌లో మొదలైంది. నేను కొన్నప్పుడు సూచీ సుమారు 12,300. లాటుకు 75. అంటే 9 లక్షల 22 వేల బేరం. నేను కట్టినది లక్షన్నర మార్జిను.

బయానా ఇచ్చాను, ఇక నిశ్చింతగా ఉండవచ్చు అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. ఫ్యూచర్స్‌లో ఏ రోజు లెక్క ఆ రోజే తేలుస్తారు. సూచీ ఒక్క పాయింటు తగ్గితే నాకు 75 రూపాయలు నష్టం. మార్జిను తగ్గితే వెంటనే నగదు కట్టాలి. కట్టకపోతే మన అనుమతి అడగకుండానే అమ్మేస్తారు.

రెండవది గడువు. ఆ నెల కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. కొనసాగాలంటే పాతది అమ్మి వచ్చే నెలది కొనాలి. సాధారణంగా దాని ధరలో కొంత వడ్డీ కలిసి ఉంటుంది. పైగా బ్రోకరేజి, పన్నులు. డివిడెండు మన చేతికి రాదు. నేను అలా రెండుసార్లు మార్చుకున్నాను.

ఇంతలో కరోనా వచ్చింది. ఒకసారి ఫిక్సెడ్ డిపాజిట్టు విరిచి కట్టాను. మార్చి 12న నిఫ్టీ ఒక్కరోజే 868 పాయింట్లు పడి 9,590 వద్ద ముగిసింది. ఆ ఒక్క రోజుకే నాకు 65 వేలు. ఇక కట్టలేక వదులుకున్నాను. మార్చి 23 నాటికి సూచీ 7,610కి దిగింది. నవంబరులో మళ్ళీ 12,300 దాటింది!

చూడండి, మార్కెట్టు కోలుకుంటుందన్న నా నమ్మకం తప్పు కాలేదు. అంతవరకు నిలబడే స్తోమత లేకపోయింది. మా శ్రీమతి పేరున కొద్దిపాటి నిఫ్టీ ఇండెక్స్ ఫండు ఉంది. అదీ అంతే పడింది. కాని ఆవిడను ఎవరూ పైసా అడగలేదు. ఆవిడ స్టేట్‌మెంటు కూడా తెరిచి చూడలేదు. నవంబరుకు సొమ్ము సొమ్ముగానే ఉంది.

2018లో తిత్లీ తుపాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. సొంత తోట ఉన్నవాడు మళ్ళీ మొక్క నాటి ఎదురు చూడగలడు. ఏడాది పంటకు బేరం కుదుర్చుకున్నవాడికి ఆ గడువుతోనే సరి. ఫండు సొంత తోట, ఫ్యూచర్స్ గడువు బేరం.

మొత్తం 9 లక్షలూ దగ్గర ఉంచుకుంటే సరిపోదా అని ఒక మిత్రుడు అడిగారు. సరిపోతుంది. కాని అంత సొమ్మే ఉంటే ఈ బెడద లేకుండా ఫండే కొనుక్కోవచ్చును కదా!

ఇది నా ఒక్కడి కథ కాదు. 2021-22 నుండి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తులలో 100కి 93 మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. సగటు నష్టం మనిషికి సుమారు 2 లక్షలు.

కనుక మిత్రులారా, ఎవరైనా ఫోను చేసి "కొద్ది సొమ్ముతో పెద్ద బేరం" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "ధర పడితే నేను ఇంకా ఎంత కట్టాలి?" జవాబు సూటిగా రాకపోతే ఫోను పెట్టేయండి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు మళ్ళీ రాదు.